సుగ్గి పెద్దమ్మ

పామిడి సంతలో ఎండుమిరపకాయలు బేరమాడతా ఉంటే, పక్కన తట్ట దించుకున్న మా ఊరామె చెప్పింది. "మీ సుగ్గి పెద్దమ్మ పోయిందమ్మా. పొద్దన్నే."

చేతిలో మిరపకాయ పట్టుకోని అట్లనే నిలబడిపోయినాను. సంతంతా నా చుట్టూ తిరుగుతాండాది గానీ ఒక్క మాటా చెవిలోకి రాలేదు. అంగడాయప్ప నా మొకం చూసి, "ఎవురమ్మా పోయింది? మీకేమైతాది?" అని అడిగినాడు.

ఏం చెప్పాల? ఆమె మాలగేరి మనిషి, నేను కాపోళ్ల ఇంటి కోడల్ని. మా ఇద్దరికీ మధ్య ఉన్నదానికి వరస పేరు లేదు. "మా ఊరామె" అని చెప్పి, మిరపకాయలు తీసుకోకుండానే దావ పట్టినాను.

ఆమె అసలు పేరు నాకు తెలీదు. పెద్దమ్మ అనే అందరూ పిలిచేది. పిల్లలు లేని మనిషి. మొగుడు యాడనో సుగ్గికి పోయిన తావునే పోయినాడని చెప్పుకునేవాళ్లు. ఆమె మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆమె మొకం కాదు, గొంతు. మా వీధి మొదట్లో, రాతి కట్ట అవతల నిలబడి పిలిచేది. లోపలికి అడుగు పెట్టేది కాదు. ఆ గొంతు మాత్రం వీధంతా నడుచుకుంటా వచ్చి మా వాకిట్లో కూచ్చునేది.

మా దిక్కు వాన పడితే పడినట్టు, లేకుంటే లేదు. చెనిక్కాయ చెట్టు పూత మీదనే మాడిపోయిన ఏడు ఊర్లో మనుషులు ఒకరి మొకం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. అట్లాంటి ఏడు, మంచు మొదలయ్యే కాలంలో, బళ్లారి అవతల తుంగభద్ర కాలవ కింద వరి కోతకు వస్తాది. ఇండ్లకు తడికెలు కట్టి, కుండలూ చాపలూ ఎత్తుకోని ఆడికి కోతలకు పోయేదాన్నే సుగ్గికి పోవడం అంటాం. ముందునుంచీ పోయేది గేరోళ్లు. కాపోళ్లకు అది నామోషీ. సొంత భూమి పెట్టుకోని పరాయి మడిలో కొడవలి పట్టేదేమని, ఆకలైనా తలుపేసుకోని ఇంట్లోనే పడుకునేవాళ్లు.

పెద్దమ్మకు అది తెలుసు. అందుకని మా వీధి మొదట్లో నిలబడి ఎప్పుడూ కూలి మాట ఎత్తేది కాదు. "ఏమప్పా, కాలవ జూసొద్దాం వస్తారా? నీళ్లంట, ఈ గట్టునుంచి ఆ గట్టుకు. ఊరికే జూసొద్దాం రాండి" అనేది. తిరునాళ్లకు పిలిచినట్టు పిలిచేది. పిలుపు అట్లుంటే పోయేదానికి నామోషీ ఏముండాది? ఒకరెనక ఒకరు కొడవళ్లు గుడ్డల మూటలో దాచుకోని బయటికొచ్చేవాళ్లం.

నాకు కొత్తగా పెళ్లయిన ఏడు, మా ఆయనా నేనూ మొదటిసారి పోయినాము. మా అత్త గడపలో నిలబడి నాకొక కొత్త కుండ ఇచ్చింది. "అందరూ కలిసి వండుకుంటారంట. నువ్వు కలవొద్దు. నీ కుండ నీది, నీ నీళ్లు నీవి" అని గట్టిగా చెప్పింది. నేను తల ఊపినాను. ఆ కుండను ఒళ్లో పిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకోని గుంతకల్లు దాకా బండి మీద పోయినాను.

గుంతకల్లు స్టేషన్లో జనం తోపులాట. బళ్లారి రైలు వచ్చి నిలబడింది. ఎవరి మూటో నా మోచేతికి తగిలింది. కుండ జారి రాతి మీద పడి పగిలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన పెంకుల దిక్కు చూస్తా నిలబడినాడు. పెద్దమ్మ అప్పటికే పెట్టె ఎక్కేసింది. లోపలినుంచి చెయ్యి చాచి నన్ను పైకి లాగింది.

"ఏడుస్తావేమే పిల్లా? కుండే గదా. దావ తేలికైంది పో."

ఊర్లో ఆమె నన్ను "అమ్మా" అనేది. రైలెక్కగానే "పిల్లా" అయిపోయినాను. ఆ రాత్రి ఆమె కుండలో కూడే తిన్నాము. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందర కొంచెం సేపు ఆగినాడు. పెద్దమ్మ ఆయన దిక్కు చూడకుండా పొయ్యిలో పుల్ల ఎగదోసి, "కడుపుకు కులం లేదు, కుండకే ఉండాది. ఆ కుండేమో పగిలిపాయ" అనింది. అందరూ నవ్వినారు. మా ఆయన కూడా నవ్వి తిన్నాడు.

కాలవను చూసిన దినం మాత్రం నిన్న మాదిరి గుర్తుండాది. రైలు దిగి నడుస్తా ఉంటే నేల రంగు మారతా పోయింది. మా ఎర్రమట్టి పోయి, నల్లమట్టి వచ్చింది. పొగమంచు. అంత మంచు మేమెప్పుడూ చూసిండ్లేదు. ముందర నడిచేవాళ్లు నడుముల దాకానే కనపడతాండారు, కాళ్లు లేని మనుషులు తేలిపోతాండినట్టు. మంచు విడిపోయేసరికి ఎదురుగా కాలవ. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, ఆకాశాన్నంతా ఎత్తుకోని పోతాండాది.

పెద్దమ్మకు అది కొత్త కాదు. అంతకు ముందర కూడా చూసింది. అయినా గట్టు మీద చతికిలబడి కూచ్చునింది. మేము పోయి మడిలో దిగినాము. కోత మొదలుపెట్టినాము. ఆమె రాలేదు. మధ్యాన్నం కూడు తినేదానికి పిలిస్తే రాలేదు. మడి ఆసామి గౌడ పంపిన మనిషి వచ్చి అరిచిపోయినాడు, ఈ దినం కూలి లేదు పో అన్నాడు. ఆమె విన్నట్టే లేదు. ప్రతి ఏడూ మొదటి దినం ఇంతేనంట. తెలిసినోళ్లు గమ్మునున్నారు.

నేను చెంబుతో నీళ్లు తెచ్చేదానికని గట్టెక్కినప్పుడు ఆమె గొణుగుతాండేది విన్నాను. కాలవతోనే మాట్లాడతాండాది. "యాణ్ణించి వస్తాండావు తల్లీ? యాడికి పోతాండావు? మా ఊరి దావ నీకు ఎవురూ చెప్పలేదా? పామిడి అని అడుగు. ఎవురైనా చెప్తారు."

నాకు నవ్వు రాలేదు. నేను కూడా ఆమె పక్కన కొంచెం సేపు కూచ్చున్నాను.

మమ్మల్ని పశువుల కొట్టంలో ఉండమన్నారు. ఒక దిక్కు ఎద్దులు, ఒక దిక్కు మనుషులు. ఊర్లో అయితే ఒకరి నీడ ఒకరి మీద పడకుండా నడిచే మనుషులం, ఆడ ఒకరి కాళ్ల దగ్గర ఒకరం తలలు పెట్టుకోని పడుకునేవాళ్లం. పొద్దు పొడవక ముందే పెద్దమ్మ లేసి పొయ్యి అంటించేది. అన్నం ఉడికే వాసనకు మెలకువ వచ్చేది. మా ఇండ్లలో బియ్యం పండగలకే. ఈడ దినామూ బియ్యమే. కండ్లు తెరిచినాక కూడా ఇది కలేనేమో అని కొంచెం సేపు అనుమానంగా ఉండేది.

లేసినోళ్లను లేసినట్టు ఆమె ఒకటే అడిగేది. "ఏం కల వచ్చింది?"

చెప్పాల్సిందే. చెప్పకుండా గంజి పోసేది కాదు. ఒకరు చచ్చిపోయిన నాయన కనపడినాడని చెప్పేవాళ్లు. ఒకరు అమ్మేసిన ఎద్దు వచ్చి వాకిట్లో నిలబడిందనేవాళ్లు. ఆమె అన్నిటికీ తలూపేది. మంచిదనీ చెడ్డదనీ ఎప్పుడూ చెప్పేది కాదు. ఒకతను, "నాకేం రాలేదు పెద్దమ్మా, కొయ్య మాదిరి పడుకున్నా" అంటే, "అట్లయితే నాది ఒకటి తీసుకో. నాకు రెండు వచ్చినాయి" అని చెప్పేది. "మా గేరిలో ఇండ్ల ముందర కాలవ పోతాండాది. నేను గడపలో కూచ్చోని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నా. చేపలొచ్చి గిలిగింతలు పెడతాండాయి. ఇది నీకు. రెండోది నాకు."

నేను ఒక దినం, "మా అత్త వచ్చి కుండ యాడ అని అడిగింది" అని చెప్పినాను. కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఏం చెప్పినావే?" "చెప్పేలోపల మెలకువొచ్చింది." "మంచిదాయ" అనింది.

కోతలు ముగిసి, కళ్లంలో వడ్ల రాశి నిలబడినాక గౌడ అందరికీ భోజనాలు పెట్టించేవాడు. బెల్లం ఓళిగలు, పాయసం. మేమంతా స్నానాలు చేసి పోయినాము. వాళ్ల పెద్దింటి ముందర పందిరి. గౌడ అరుగు మీద కూచ్చోని ఉండాడు. చెడ్డ మనిషి కాదు. ఆయనకు తెలిసిన మర్యాద అది. పెద్దమ్మను పిలిచి కన్నడమూ తెలుగూ కలిపి అడిగినాడు.

"నీ మందిలో ఎవరెవరు ఏ కులం? కాపోళ్లు ఉంటే పందిట్లో కూచ్చోబెట్టు. మిగతావాళ్లు గోడ బయట. ఆకులు ఆడికి పంపిస్తాం."

పెద్దమ్మ వెనక్కి తిరిగి మా అందరినీ చూసింది. నా దిక్కు, మా ఆయన దిక్కు, మా వీధి మనుషుల దిక్కు. మేము ఎవరం నోరు తెరవలేదు.

"కులమేముండాది సామీ? అంతా సుగ్గోళ్లమే" అనింది.

"అంటే?"

"మీ పందిట్లో కూచ్చునేవాళ్లు మాలో ఎవురూ లేరు."

గౌడ సరేనన్నాడు. మేమంతా గోడ బయటికి పోయినాము. వరసగా కూచ్చున్నాము. ఆకులు వేస్తాండారు. అప్పుడు మా వీధి పెద్దాయన ఒకాయన, తెల్ల మీసాలాయన, లేసి నిలబడినాడు. మొకం ఎర్రగా అయిపోయింది. "నేను కాపు మనిషిని. గోడ బయట తినే గతి నాకింకా పట్టలేదు" అని లోపలికి పోయినాడు. పెద్దమ్మ ఆయన లేసిన చోట ఎవరినీ కూచ్చోనీకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

కొంచెం సేపటికి ఆయన ఆకు రెండు చేతులతో ఎత్తుకోని, ఓళిగలు జారిపోకుండా, వంగి నడుస్తా బయటికొచ్చినాడు. తన చోట్లోనే కూచ్చున్నాడు. అందరూ ఆయన దిక్కే చూస్తాండారు.

"ఆడ మాట్లాడేదానికి ఎవురూ లేరప్పా" అన్నాడు.

పెద్దమ్మ తన ఆకులో ఓళిగ తీసి ఆయన ఆకులో వేసింది. ఆయన తిన్నాడు.

వచ్చేటప్పుడు మళ్లా అదే రైలు, అదే బండి దావ. పాటలు పాడుకుంటా వచ్చినాము. పెన్న ఇసుకలోకి దిగేదాకా అంతా ఒక ఇల్లే. నీళ్లు లేని ఏరు, తెల్లగా, ఎంత దూరం చూసినా ఇసుకే. దాని అవతలే మా ఊరు. ఇసుక మధ్యకు వచ్చేసరికి పెద్దమ్మ ఆగింది. తన కుండను మా మూటల్లోనుంచి తీసుకునింది. తన చాప తీసుకునింది. గేరోళ్లు ఒకరొకరే ఆమె దిక్కు పోయినారు. ఏట్లో నీళ్లు పాయలుగా విడిపోయినట్టు మేము రెండుగా విడిపోయినాము.

"రా పెద్దమ్మా, ఊరి దాకా కలిసే పోదాం" అన్నాను.

"సుగ్గి అయిపాయ గదమ్మా" అనింది.

అమ్మా అని పిలిచింది.

తర్వాత ఇంకా రెండు మూడు సుగ్గులకు పోయినాము. ప్రతిసారీ రైల్లో పిల్లా, ఏట్లో అమ్మా.

వానలు బొత్తిగా మొకం చాటేసిన ఒక ఏడు మేము సుగ్గికి పోలేకపోయినాము. నాకు చంకలో బిడ్డ. పెద్దమ్మకు మోకాళ్లు పట్టుకున్నాయి, ఆమె కూడా ఊర్లోనే ఉండిపోయింది. ఎండాకాలం వచ్చేసరికి బావులు అడుగంటినాయి. ఏట్లో ఇసుక తోడి గుంత చేస్తే అడుగున నీళ్లు ఊరతాయి, చెలమ అంటాం. ఆ నీళ్లే దిక్కు. మా వీధి చెలమ పైన, గేరి చెలమ కింద. ఎప్పటినుంచో అంతే. ఆ ఏడు మా చెలమ తోడగా తోడగా బండ పడింది. చెంబు ముంచితే బురద తప్ప ఏం రావడం లేదు. వాళ్ల చెలమలో మాత్రం ఊట ఆగలేదు.

నా బిడ్డకు జరం. కడవ ఎత్తుకోని మధ్యాన్నం ఏట్లోకి దిగినాను. ఎండకు ఇసుక మీద నీళ్లు లేచి ఆడతాండినట్టు ఉండాది. ఆ ఉత్తుత్తి నీళ్ల మధ్యలో పెద్దమ్మ నిజం చెలమ పక్కన కూచ్చోని, కండ్లు మూసుకోని, ఊట నిండేదానికి కాచుకోని ఉండాది.

"పెద్దమ్మా, ఒక కడవ నీళ్లు కావాల."

కండ్లు తెరిచి ముందర నా వెనక దావ చూసింది.

"మీ చెలమ ఏమాయమ్మా?"

"బండ పడింది. పిల్లోనికి జరం. సుగ్గిలో నీ కుండ నీళ్లే గదా తాగినాను."

"సుగ్గిలో తాగితే నీళ్లమ్మా. ఈడ తాగితే పంచాయితీ. పంచాయితీ పెడితే కూలేది నీ మిద్దె కాదు, నా గుడిసె."

ఆమె తన చెంబు ముంచి నా చేతిలో పెట్టింది. "ఇది పిల్లోనికి. బిన్నా పో. జరమొచ్చిన బిడ్డకు ఎవురికీ చెప్పే పని లేదు. ఇంటికి తీసకపోయే కడవకు మాత్రం మీ అత్తకు చెప్పిరా. దాచి తీసకపోతానంటే ఇయ్యను."

ఇంటికొచ్చి బిడ్డకు తాపి, అత్త ముందర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పినాను. ఆమె కొర్రల్లో రాళ్లు ఏరతాండేది. చాట పక్కన పెట్టింది. తిడతాదనుకున్నాను. లేసి కడవ ఎత్తుకోని బయలుదేరింది. నేను బిడ్డను చంకనేసుకోని వెనక నడిచినాను. మా వీధి ఆడోళ్లు కొందరు చూసి, ఏం జరుగుతుందోనని గట్టు మీదికి వచ్చి నిలబడినారు.

అత్త చెలమకు కొంచెం దూరంలో కడవ పెట్టింది. "ఏమే, ఊట బాగుండాదా?"

"బాగుండాదమ్మా."

"పొయ్యి."

పెద్దమ్మ కూచ్చున్న చోటునుంచి లేవలేదు. "నేను పొయ్యనమ్మా. పోస్తే, మాల్ది పోసింది, కాపోళ్లను చెరిపింది అంటారు. కావాలంటే నువ్వే దిగి ముంచుకో. నీళ్లు నావి కాదు, ఏటివి."

అత్త గట్టు మీది ఆడోళ్లను ఒకసారి చూసింది. చీర ఎగజెక్కి, కడవ పట్టుకోని చెలమలోకి దిగింది. లోతు చాలా ఉండాది. ఇసుక జారింది, కాలు నిలవలేదు. పెద్దమ్మ లేసి, నొప్పి మోకాళ్లతోనే అటుపక్కనుంచి కిందికి దిగి చెయ్యి చాచింది.

అత్త ఆ చేతి దిక్కు చూసింది. ఇసుక ఇంకా జారతానే ఉండాది. అత్త చెయ్యి పట్టుకునింది. ఒక చెయ్యి ఆమె చేతిలో పెట్టి, ఇంకో చేత్తో కడవ ముంచింది. ఇద్దరూ ఆయాసపడతా పైకొచ్చినారు. గట్టెక్కినాక అత్త నిలబడి ఉన్న ఆడోళ్లను కసిరింది.

"ఏం జూస్తాండారు? పోయి కడవలు తెచ్చుకోపోండి."

ఆ ఎండాకాలమంతా మా వీధి వీధంతా ఆ చెలమలోనే ముంచుకునింది. పెద్దమ్మ పక్కన కూచ్చోని చూస్తా ఉండేది, ఒక్కరి కడవనూ తాకేది కాదు. తర్వాత వాన వచ్చింది. పెన్న ఎర్రగా పొంగి వచ్చి చెలమలన్నిటినీ పూడ్చిపోయింది. బావుల్లో నీళ్లెక్కినాయి. మా బావి మాది, వాళ్ల బావి వాళ్లది. పెద్దమ్మ మళ్లా రాతి కట్ట అవతలే నిలబడి, "బాగుండారామ్మా?" అని అడిగేది.

నాకే కోపమొచ్చింది. ఒక దినం కట్ట దగ్గరికి పోయి, "నీకు కడుపు మండదా?" అని అడిగినాను.

"వాన పడితే అందురూ గొప్పోళ్లే అయిపోతారు పిల్లా" అని నవ్వింది.

ఊర్లో ఆమె నన్ను పిల్లా అనింది అప్పుడొక్కసారే.

సంతనుంచి ఇంటికొచ్చినాక అత్తకు చెప్పినాను. ఇప్పుడు ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. అరుగు మీద కూచ్చోని ఉండాది.

"ఎత్తినారా?"

"పొద్దు వాలినాక ఎత్తుతారంట."

చేతికట్టె కోసం తడుముకునింది. "పట్టుకో నన్ను. పోదాం."

మా అత్త ఆ గేరిలో ఎప్పుడూ కాలు పెట్టి ఎరగదు. మేము పోతాంటే వాకిండ్లలో మాటలు ఆగిపోయినాయి. ఎవరో చాప తెచ్చి, వేయాలా వద్దా అని చేతిలోనే పట్టుకోని నిలబడినారు. అత్త నేల మీదనే కూచ్చునింది, పెద్దమ్మ తల దగ్గర. ఏడవలేదు. ఎత్తేదాకా లేవలేదు.

ఇంటికొచ్చి పెరట్లో బండ మీద, కట్టిన చీరతోనే కూచ్చోని నీళ్లు పొయ్యమనింది. పోస్తాంటే పక్కింటామె గోడ మీదినుంచి తొంగి చూసింది. "పొయ్యమ్మా, బాగా పొయ్యి. ఆ గేరిలోకి పోయొచ్చినాక పోసుకోక తప్పుతాదా?"

అత్త తల పైకెత్తింది. నీళ్లు మొకం మీద కారతాండాయి.

"అంటుకు కాదే ఇవి. మన ఇంట్లో మనిషి పోతే పోసుకోమా?"

పక్కింటామె తల గోడ వెనక్కి పోయింది.

"ఇంగో చెంబు పొయ్యి" అనింది అత్త నాతో. "నా తర్వాత నువ్వూ పోసుకో."